ప్రార్థన ఆపొద్దు, మాత్ర ఆపొద్దు

మోకాళ్లూని "తండ్రీ" అనగానే నా గొంతుకు ఒక పేరు అడ్డం పడుతుంది. చాలా ఏళ్లుగా ఇదే. ఆ పేరును పక్కకు నెట్టి ప్రార్థన కొనసాగించడం అలవాటు చేసుకున్నాను. అలవాటైన కొద్దీ బరువు తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. అది లోపల ఎక్కడో కూర్చుని, నాతో పాటే వయసు పెంచుకుంటూ వచ్చింది.

నా పేరు చెప్పను. పిరికితనం అంటారా, అనండి. కాదనే హక్కు నాకు లేదు. ఇందులో మిగతా పేర్లు కూడా మార్చాను, ఒక్కటి తప్ప. స్వర్ణ పేరు స్వర్ణే. ఆ పేరు ఇప్పటికే పదిమంది నోళ్లలో పడి మాసిపోయింది. కడగాలంటే అదే పేరు మీద కడగాలి.

విషయం ముందే చెప్పేస్తాను. చుట్టూ తిప్పి చెబితే మళ్లీ దాక్కుంటానేమోనని భయం. ఒక మనిషి ప్రాణం పోవడానికి కారణమైన మాట నేను చెప్పాను. చెప్పలేదని అబద్ధమాడాను. ఆ నింద స్వర్ణ మీద పడింది. ఇప్పుడు ఆ నింద ఆమె ప్రాణం మీదకు వచ్చింది.

నేను బేగంపేటలో ఒక ఆసుపత్రిలో నర్సుగా పనిచేసేదాన్ని. వార్డులోకి వచ్చేవాళ్లంతా ఆలస్యంగానే వచ్చేవాళ్లు. కాలు నల్లబడ్డాక, మూత్రపిండాలు పాడయ్యాక, మాట పడిపోయాక. వీళ్ల ఇళ్ల దగ్గరే ఎవరైనా ముందు చూసి ఉంటే అనిపించేది. అందుకే ప్రాథమిక ఆరోగ్య సంరక్షణలో పీజీకి చేరాను. జబ్బు ఆసుపత్రి మెట్లెక్కకముందే, బస్తీలో, ఇంటి గుమ్మంలో దాన్ని ఆపే చదువు అది. నాకది చదువులా కాదు, పిలుపులా అనిపించింది. ప్రభువు కూడా ఊరూరా నడిచి, గుమ్మాల దగ్గరే కదా రోగుల్ని ముట్టాడు అనుకునేదాన్ని. ఫీల్డుకు వెళ్లేముందు బ్యాగు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసుకునేదాన్ని.

రెండో ఏడాది అందరం ఒక సముదాయాన్ని ఎంచుకుని దాని మీద పరిశోధన చేయాలి. తోటివాళ్లు బస్తీలు ఎంచుకున్నారు. నేను బోయిగూడలోని మా సంఘాన్నే ఎంచుకున్నాను. విశ్వాసులు మందులెందుకు మానేస్తారు, ఇదీ నా అంశం. చిన్నప్పటి నుంచీ చూశాను. స్వస్థత కూటానికి వెళ్లొచ్చి బీపీ మాత్రలు చెత్తబుట్టలో వేసినవాళ్లని, అది సాక్ష్యంగా చెప్పినవాళ్లని, ఆ తర్వాత కనిపించకుండా పోయినవాళ్లని. విశ్వాసానికీ వైద్యానికీ మధ్య నేను వంతెన కడతాను అనుకున్నాను. మా ప్రొఫెసర్‌కి అంశం బాగా నచ్చింది. పాస్టర్ గారు ఒప్పుకున్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక మందిరం పక్కన రేకుల షెడ్డులో బల్ల వేసుకుని బీపీ, షుగరు చూసేదాన్ని.

ఒక ఆదివారం పాస్టర్ గారు నన్ను ముందుకు పిలిచి మైకిచ్చారు. సంఘానికి గుర్తుండేలా ఒక్క మాట చెప్పమన్నారు. "ప్రార్థన ఆపొద్దు, మాత్ర ఆపొద్దు" అన్నాను. ముందు వరుసలో ఎవరో "ఆమేన్" అన్నారు. పాస్టర్ గారు నవ్వి, అందరితో మళ్లీ అనిపించారు. పిల్లలు కూడా అరిచారు. ఆ రోజు నా లోపల ఏదో లేచింది. ఆత్మానందం అనుకున్నాను. దాని పేరు గర్వం అని ఇప్పుడు రాయగలుగుతున్నాను.

స్వర్ణ అత్తగారు కరుణ టీచర్. సండే స్కూల్లో నాకు వాక్యాలు కంఠతా పట్టించింది ఆమే. తప్పు చెబితే స్కేలుతో వేళ్ల మీద ఒక్కటి తగిలించి, తర్వాత చాక్లెట్ పెట్టేది. పెద్దయ్యాక షుగరు వచ్చింది. ప్రతి ఆదివారం నా బల్ల ముందు కూర్చుని, వేలు చాపుతూ కోడలి మీద ఫిర్యాదు చేయడం ఆమెకు సరదా.

"మా స్వర్ణ ఉన్నది కదా బిడ్డా, పొద్దున్నే గోళీ పట్టుకొని పోలీసు లెక్క నిలబడ్తది. మింగినంక నోరు తెరిచి చూపియ్యాలె ఆమెకు."

"చూపియ్యకుంటే కొంగుల ముడేసుకుంటది అక్కా ఈమె. నాకు ఎర్క లేదా?" అనేది స్వర్ణ వెనక నుంచి.

వెనక వరసలో నిలబడ్డ ఆడవాళ్లు నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. ఆ నవ్వులు ఇప్పుడు తలుచుకుంటే, తలుపు వెనక ఎవరో నిలబడి ఉన్నట్టు ఉంటుంది.

ఆ ఏడాది, ఈస్టర్‌కు ముందు ఉపవాసాలుండే శ్రమకాల దినాలు మొదలయ్యేసరికి ఎండలు ముదిరాయి. స్వర్ణ భర్త ప్రవీణ్‌ని ఉద్యోగంలోంచి తీసేశారు. కొడుక్కి ఉద్యోగం దొరికేదాకా పొద్దున్నుంచి సాయంత్రం ప్రార్థన వరకు ఉపవాసం ఉంటానని కరుణ టీచర్ తీర్మానం చేసుకుంది. సంఘంలో చాలామంది ఉంటున్నారు. ఎవరూ వింతగా అనుకోలేదు.

ఉపవాసం మొదలుపెట్టే ముందు ఆదివారం స్వర్ణ ఒక్కతే నా బల్ల దగ్గరికి వచ్చింది. చుట్టూ జనం. నా చేతిలో ఎవరి జబ్బకో చుట్టిన బీపీ పట్టీ ఉంది.

"అక్కా, అత్తమ్మ రేపట్నుంచి ఉపవాసముంటా అంటున్నది. మరి గోళీ ఇయ్యాల్నా, వద్దా?"

చూడండి. ఆమె అడిగింది. అడగాల్సిన ప్రశ్న, అడగాల్సిన రోజున, అడగాల్సిన మనిషిని అడిగింది. నేను తల కూడా పూర్తిగా ఎత్తలేదు.

"ఉపవాసమైనా సరే, మాత్ర మాత్రం తప్పొద్దు స్వర్ణా" అన్నాను.

ఆ మాత్ర ఒంట్లో చక్కెరను కిందికి దించే రకం. తిన్నవాళ్లకు మేలు చేస్తుంది. తిననివాళ్లకు దించుతూనే పోతుంది, ఆగదు. వయసు మళ్లినవాళ్లలో మరీను. ఇది నాకు తెలియదా? తెలుసు. ఇక్కడే నన్ను నేను ఎక్కువగా తవ్వుకున్నాను. అంతకుముందు రంజాన్‌కి ముందు మా బ్యాచ్ మొత్తం గల్లీ గల్లీ తిరిగాం. నాకొచ్చిన ముక్కల ఉర్దూలో నేనే ఎందరో ముస్లిం ఆడవాళ్లకు చెప్పాను, షుగరు ఉన్నవాళ్లు రోజా ఉండేముందు డాక్టర్ని కలవాలని, గోళీ వేళ మారాలని, డోసు మారాలని, చెమటలు పట్టి చెయ్యి వణికితే రోజా విడిచి వెంటనే తీపి తినాలని. ఒక పెద్దావిడ నా గడ్డం పట్టుకుని దువా కూడా ఇచ్చింది.

మరి నా సొంత మందిరంలో ఆ మాట ఎందుకు రాలేదు? నన్ను నేనే ఎన్నోసార్లు అడిగాను. వాళ్ల ఉపవాసంలో ఒళ్లు ఆకలితో ఉంటుందని, మా ఉపవాసంలో ఒంటిని దేవుడే చూసుకుంటాడని, లోపల ఎక్కడో నమ్మేశానా? లేక మందు మానమన్న దోషం నా మీదకు రాకూడదన్న తొందరలో, వేయమనడమే ఎప్పుడూ మంచిదనుకున్నానా? మైకులో పలికిన మాట నాకే అంత ముద్దొచ్చిందా? మూడూ నిజమే అనుకుంటాను. ఏదో ఒకటే అయితే బాగుండేది.

ఆ వారం మధ్యలో కరుణ టీచర్ ఇంట్లో మధ్యాహ్నం స్త్రీల ప్రార్థన పెట్టుకున్నారు. నేనూ వెళ్లాను. ఇది సంఘంలో అందరికీ తెలుసు. తెలియనిది ఇంకోటి ఉంది.

కరెంటు లేదు. చిన్న గది. అందరం చాప మీద కళ్లు మూసుకుని గొంతెత్తి ప్రార్థిస్తున్నాం. మధ్యలో కరుణ టీచర్ గొంతు మారింది. మాటలు ముద్దముద్దగా, అర్థం లేకుండా రావడం మొదలయ్యాయి. పక్కనున్న పెద్దామె "స్తోత్రం, స్తోత్రం" అంటూ ఇంకా గట్టిగా అందుకుంది. ఆత్మవశురాలై, మనుషులకు తెలియని భాషలలో ప్రార్థిస్తోందని అందరూ అనుకున్నారు. వంటింట్లో సాయంత్రానికి రాగిజావ కాస్తున్న స్వర్ణ గుమ్మంలోకి వచ్చింది. అత్తగారి నుదుటి మీద చెయ్యి వేసి, "ఒళ్లు చల్లగ అయితున్నది, చెమటలు చూడుండ్రి, జెర చాయ్ తాగిపిస్తా" అంది. పెద్దామె కళ్లు తెరవకుండానే చేత్తో ఆపింది. "ముట్టుకోకు బిడ్డా, ఆత్మలో ఉన్నది."

స్వర్ణ నా వైపు చూసింది.

నేను కళ్లు తెరిచే ఉన్నాను. కరుణ టీచర్ పై పెదవి మీద చెమట చూశాను. వేళ్లు వణకడం చూశాను. గల్లీ గల్లీ తిరిగి నేను వర్ణించినవే అవి. నా లోపల ఏదో "లే" అంది. స్పష్టంగా అంది. ఇంతమంది మధ్య లేచి, ఇది ఆత్మ కాదు, చక్కెర పడిపోయింది అంటే ఏమనుకుంటారో అన్న భయం దాని వెంటే వచ్చింది. నిజంగా ఆత్మే అయితే, దాన్ని ఆర్పినదాన్ని అవుతానన్న భయం కూడా. నేను మళ్లీ కళ్లు మూసుకున్నాను.

స్వర్ణ వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ వంటింట్లో చక్కెర డబ్బా ఉంది.

ఆమేన్ చెప్పేసరికి కరుణ టీచర్ ఒక పక్కకు ఒరిగి ఉంది. పిలిస్తే పలకలేదు. అప్పుడు లేచాను. అప్పుడు అరిచాను, ఆటో పిలవమని, చక్కెర తెమ్మని. మింగే స్థితి దాటిపోయింది.

ఆసుపత్రిలో ఎక్కించాల్సింది ఎక్కించారు. చక్కెర పైకొచ్చింది, మనిషి రాలేదు. మెదడుకు చాలాసేపు చక్కెర అందలేదు అన్నాడు డాక్టర్. తర్వాత, తిండి లేకుండా మాత్ర ఎవరు వేశారు అని అడిగాడు. అతను గదిలోకి వెళ్లాక వరండాలో మేం మిగిలాం. నేను, స్వర్ణ, ప్రవీణ్, ప్రవీణ్ వాళ్ల చిన్నమ్మ. ఎండ గచ్చు మీద తెల్లగా పడి ఉంది. తర్వాత జరిగిన మాటలు ఒక్కటి కూడా పోకుండా నాకు గుర్తున్నాయి.

"ఏందే, తినని మనిషికి గోళీ ఎట్లేసినవ్?" అంది చిన్నమ్మ.

స్వర్ణ ఏడవడం లేదు. నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, నువ్వే చెప్పినవ్ కదా. ఉపవాసమైనా సరే గోళీ తప్పొద్దని. చెప్పక్కా జెర వీళ్లకు."

ప్రవీణ్ నా వైపు తిరిగాడు. "నిజమేనా అక్కా?"

అతని మొహం చూశాను. ఆ ఉపవాసం అతని ఉద్యోగం కోసం. ఆ బరువు తన మీద నుంచి ఎక్కడో ఒకచోట దించుకోవాలని అతను వెతుకుతున్నాడు. అది నాకు కనిపించింది. ఎక్కడ దించుకోవచ్చో నేనే చూపించాను.

"అందరికీ చెప్పేదే చెప్పాను. ఉపవాసం ఉండేవాళ్లు మాత్రల సంగతి డాక్టర్ని అడగాలని కూడా చెప్పాను" అన్నాను.

"ఎప్పుడు చెప్పినవక్కా?"

"నీకు గుర్తులేదేమో స్వర్ణా. జనంలో ఉన్నాం కదా."

ఎంత మెల్లగా అన్నానో. రోగి బంధువులతో మాట్లాడాల్సిన తీరు మాకు నేర్పిస్తారు. ఆ గొంతుతోనే అన్నాను. స్వర్ణ చెయ్యి నా చేతిలోంచి జారింది. ఆమె గచ్చు వైపు చూస్తూ ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు నిలబడింది. కాసేపటికి, "ఏమో, చెప్పినవేమో. నేనే మరిచినట్టున్న" అంది.

నన్ను అబద్ధాలకోరు అని ఉంటే బతికిపోయేదాన్ని. ఆమె నన్ను నమ్మింది. నా అబద్ధం కోసం తన జ్ఞాపకాన్నే తప్పు అనుకుంది.

కరుణ టీచర్ మళ్లీ కళ్లు తెరవలేదు. ఈస్టర్‌కి ముందే వెళ్లిపోయింది.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. ప్రార్థన మనవులు చీటీల మీద రాసి ఇస్తే, ఆరాధనలో మైకులో చదువుతారు. భూస్థాపన అయిన తర్వాతి ఆదివారం ఒక మనవి చదివారు. కరుణ టీచర్ కుటుంబానికి ఆదరణ కొరకు, అజాగ్రత్త చేసిన సహోదరి స్వర్ణను ప్రభువు క్షమించునట్లు. ఎవరిచ్చారో తెలుసు. చిన్నమ్మ మనసులో చెడు లేదు, నిజంగానే క్షమాపణ కోరింది. మందిరమంతా "ఆమేన్" అంది. స్వర్ణ స్త్రీల వైపు వెనక వరుసలో కొంగు తల మీదికి లాక్కుంది.

నేను కూడా ఆమేన్ అన్నాను. నా గొంతు నాకే వినిపించింది.

తర్వాత నా చదువు పూర్తయింది. పరిశోధన బాగుందన్నారు. ఒక కాలేజీలో అదే పీజీ పిల్లలకు పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చింది. కాప్రాలో ఇల్లు తీసుకున్నాను. సంఘం మాత్రం మారలేదు. మారితే అనుమానం వస్తుందని. ప్రభువును ఎరుగనన్న శిష్యుడి గురించి స్త్రీల కూటంలో వాక్యం కూడా చెప్పాను. కొందరు కళ్లు తుడుచుకున్నారు. నేను నిలబడే ఉన్నాను.

దేవుడి దగ్గర ఒప్పుకోలేదా అంటారేమో. ఒప్పుకున్నాను, ఎన్నోసార్లు, కన్నీళ్లతో. ఆయన దగ్గర ఒప్పుకోవడం సులువు. ఆయన ప్రవీణ్‌కి ఫోన్ చేయడు.

ఈ వేసవిలో నా విద్యార్థుల్ని ఫీల్డుకని బోయిగూడ బస్తీ దవాఖానాకు తీసుకెళ్లాను. లోపలికొచ్చిన వాళ్లలో స్వర్ణ ఉంది. మందిరానికి రావడం ఎప్పుడో తగ్గించేసింది. చిక్కిపోయింది. పాదానికి గుడ్డ చుట్టి ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. "బాగున్నవా అక్కా?" అంది.

ఆమెకు షుగరు వచ్చి చాలాకాలమైందట. పాదం మీద పుండు మానడం లేదు. మాత్రలు రాసిస్తే తీసుకెళ్లి ఇంట్లో పెడుతుందట, వేసుకోదట. ఎందుకమ్మా అని నా విద్యార్థుల్లో ఒకమ్మాయి అడిగింది. స్వర్ణ నా వైపు చూడకుండా, దాపరికం లేకుండా చెప్పింది.

"నాకు మతిమరుపు బిడ్డా. ఒకసారి డాక్టర్ని అడుగుమని చెప్పినా మరిచి, మా అత్తమ్మకు గోళీ ఇచ్చిన. ఆమె లేదిప్పుడు. ఎప్పుడు ఏది మరుస్తనో ఏమో. నా చేతుల గోళీ పడితే గుండె దడదడ అంటది. నా పిల్లగానికి జ్వరమొచ్చినా మా ఆయన్నే ఇయ్యుమంట."

ఆ అమ్మాయి స్వర్ణ భుజం మీద చెయ్యి వేసింది. నేను నేర్పిన చిరునవ్వే. "ప్రార్థన ఆపొద్దు, మాత్ర ఆపొద్దు ఆంటీ" అంది. ఆ మాట మా క్లాసుల్లో ఇంకా బతికే ఉంది. నేను స్వర్ణ పాదం మీది కట్టు వైపు చూశాను. ఆ కట్టు కింద ఏం జరుగుతోందో నాకు తెలుసు. వార్డులో అలాంటి పాదాలు చూశాను. మొదట ఒక వేలు పోతుంది. అక్కడితో ఆగదు. నేను చెప్పిన అబద్ధం పాత వరండాలో ఆగిపోలేదు. అది ఆమె ఒంట్లోకి దిగి, కింద నుంచి తింటూ వస్తోంది. ఇప్పుడు కూడా నోరు మూసుకుంటే, ఈసారి సాకు చెప్పడానికి తొందర లేదు, జనం లేరు, తెలియకపోవడం అసలే లేదు.

మర్నాడు సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. ప్రవీణ్ ఉన్నాడు. కూర్చోమన్నారు. నేను నిలబడే చెప్పాను. కూర్చుంటే అలవాటైన గొంతు వస్తుందని భయం. బల్ల దగ్గర అన్న మాట, గదిలో కళ్లు మూసుకున్న సంగతి, వరండాలో ఆడిన అబద్ధం, వరుసగా. ప్రవీణ్ గోడ వైపు తిరిగాడు. స్వర్ణ కట్టు ఉన్న పాదాన్ని చేత్తో పట్టుకుని కూర్చుంది. క్షమించమని అడగాలనుకుని వెళ్లాను. ఆమె మొహం చూశాక అడగలేకపోయాను. అది కూడా ఆమె దగ్గర ఏదో తీసుకోవడమే అనిపించింది.

ఆమె ఒక్కటే అడిగింది.

"అంటే నేను మరువలేదా?"

"లేదు."

"ఇన్నేండ్లు..." అని ఆగిపోయింది. లేచి లోపలికి వెళ్లింది. మళ్లీ బయటికి రాలేదు. కాసేపటికి ప్రవీణ్ గోడ వైపు నుంచి తిరగకుండానే, "ఇంక పో అక్కా" అన్నాడు.

అప్పటి నుంచి వాళ్లు నాతో మాట్లాడలేదు. నా ఫోను ఎత్తరు. స్వర్ణ దవాఖానాకు మాత్రం వస్తోందని అక్కడి నర్సు చెప్పింది. మాత్ర అన్నం తినకముందా, తిన్నాకా, వాంతైతే ఏం చెయ్యాలి, ఒక పూట అన్నం తప్పితే ఏం చెయ్యాలి అని డాక్టర్ని అడిగిందే అడుగుతోందట. వెనకున్న వాళ్లు విసుక్కున్నా కదలదట. వేసుకోవడం మొదలుపెట్టిందట. పాదం నిలుస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేమంది.

ఇదంతా సంఘం ముందు చెప్పడానికి పాస్టర్ గారిని కలిసి మైకు అడిగాను. ఆయన, సంఘం కలవరపడుతుంది, ప్రార్థనాపూర్వకంగా ఆలోచిద్దాం, తొందరొద్దు అన్నారు. ఇంకా ఆలోచిస్తున్నారు. అందుకే ముందు మీతో చెబుతున్నాను. మీరు నన్ను ఏమనుకున్నా సరే, వద్దనను. నాకు ఊరట దొరకాలని కాదు. అయినా ఇది రాస్తుంటే గొంతు దగ్గర పట్టు కొంచెం సడలుతోంది, ఆ సంగతీ దాచను.

ఉపవాసం ఉండేవాళ్లు మాత్రల సంగతి డాక్టర్ని అడగాలని నేను ఆ రోజు చెప్పలేదు. మాత్ర తప్పొద్దని చెప్పాను. స్వర్ణ ఏదీ మరిచిపోలేదు.